తోడు ప్రయాణికురాలు

మా ఆయన విమానమెక్కే ప్రతిసారీ ఆయన సీటు ఎంచేది నేనే. పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే ఒక చేత్తో గరిటె, ఇంకో చేత్తో ఆయన ఫోను పట్టుకుని చెక్ ఇన్ చేస్తాను. ఆయనకి నడవ పక్క సీటే కావాలి. అదీ ముందు వరసల్లో, దగ్గర్లో చంటిపిల్లలు లేనిచోట. "ఆ చిన్న చిన్న గళ్ళు నాకు కనపడవు హేమా, నువ్వు చూసీ" అని మొదటిసారి ఎప్పుడన్నాడో గుర్తులేదు. మా ఇంట్లో ఏ పనైనా ఒక్కసారి చేస్తే చాలు, ఇక అది నాదే.

మా ఆయన సురేంద్రనాథ్ స్టీలు ప్లాంట్లకి కొలిమి ఇటుకలు సరఫరా చేస్తాడు. ఢిల్లీ, కోల్‌కతా, రాంచీ అంటూ ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాడు. హిందీ మాట్లాడే స్టీలు ప్లాంటు ఊరు మాది; రుఆబాంధా పేటలో మా ఇంటి ముందుగదే ఆఫీసు. టెండర్లు నింపేది, బిల్లులు చేసేది, ఉత్తరాలు రాసేది నేను. లారీ డ్రైవర్లు నన్ను మేడమ్ అంటారు. చుట్టాలు అడిగితే మాత్రం మా ఆయన, "హేమా? ఇంటికాడే ఉంటాది, దానికేటి పని" అంటాడు. అబద్ధం చెబుతున్నానని ఆయనకి తెలియదు. అందుకే ఆ మాట అంత హాయిగా అంటాడు.

ఫోనులో ఆ సీట్ల పటం తెరుచుకుంటే నాకు వంటిల్లు దూరమైపోతుంది. తెల్లటి పొడుగాటి బొమ్మలో వరసలు వరసలుగా నీలం గళ్ళు, మనుషులు ఇంకా కాపురానికి రాని కాలనీలా ఉంటాయి. ఈ గడిలోకి ఒక ముసలావిడ వస్తుంది, మోకాళ్ళ మీద మిఠాయి డబ్బా పెట్టుకుంటుంది. ఈ రెండు గళ్ళలో కొత్త దంపతులు, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోవడానికి ఇంకా సిగ్గుపడుతూ ఉంటారు. నేనొక్కో గడీ చూసుకుంటూ రెక్కల దాకా, తోక దాకా నడుచుకుంటూ వెళ్ళిపోతాను. "ఏటమ్మా, ఏదో మాడుతున్నాది" అని మా అత్తగారు అప్పలనరసమ్మ గారు కేకేసినప్పుడు వెనక్కి వస్తాను.

ఆయన ఎంత తిరిగితే విమానం కంపెనీవాళ్ళ దగ్గర అంత హోదా పెరుగుతుంది. ముందు వెండి కార్డన్నారు, తర్వాత బంగారు కార్డు పంపించారు. ఆ కార్డు వచ్చిన రోజు మా అత్తగారు దాన్ని దేవుడి గూట్లో పెట్టి కుంకుమ బొట్టు పెట్టింది. "మా బాబు కాలు నేల మీద ఆనదు" అంది పక్కింటివాళ్ళతో. ఆ రోజు గారెలు వేశాను. నేను ఊరెళ్ళాలంటే దుర్గ్‌లో రైలెక్కుతాను. విమానంలో చెంపకి అద్దం ఆనించుకుని కూర్చోవడం ఎలా ఉంటుందో నాకు తెలియదు.

ఈ శీతాకాలం ఢిల్లీలో ఇటుకల వ్యాపారుల సంఘం ఆయనకి సన్మానం పెట్టుకుంది. భార్యల్ని తీసుకురమ్మన్నారు. "పట్టుచీర ఒకటి పెట్టుకో, స్టేజీ మీద నిలబడాలి" అన్నాడు. ఉపన్యాసం నేనే రాశాను, హిందీలో. చదివి చూసి, "చివర్న నీ గురించి కూడా ఒక ముక్క రాసీ, సభలో బాగుంటాది" అన్నాడు. నాకు నేనే కృతజ్ఞతలు చెప్పుకోవడానికి కూర్చున్నాను. 'నా విజయాల వెనక నా భార్య' అని రాసి, వెనక అంటే ఎక్కడో తెలియక చాలాసేపు కలం పట్టుకుని అలాగే ఉండిపోయాను. చివరికి ఆ వాక్యం కొట్టేసి కాగితం మడిచి, ఆయన కోటు లోపలి జేబులో పెట్టి, పెట్టానని చెప్పాను.

ఆసారి చెక్ ఇన్ చేస్తుంటే ఆయన పేరు కింద నా పేరు కనిపించింది. పేరు పక్కన 'సభ్యుడి తోడు ప్రయాణికురాలు' అని ఉంది. బంగారు కార్డు పుణ్యాన నాక్కూడా ముందు వరసలో సీటు ఊరికే ఎంచుకోవచ్చట. నాకు కిటికీ, ఆయనకి నడవ పెట్టాను. నా పేరున్న గడి రంగు మారితే ఎవరైనా చూస్తారేమోనన్నట్టు చుట్టూ చూశాను.

పొద్దున్నే కుమ్హారి మీదుగా కారులో రాయపూర్ విమానాశ్రయానికి వెళ్ళాం. కౌంటర్లో అమ్మాయి ఆయన కార్డు చూసి లేచి నిలబడినంత పని చేసింది. తెర అవతలి పెద్ద సీట్లలో ఒకటి ఖాళీగా ఉందని, సార్‌కి ఉచితంగా ఇస్తామని హిందీలో చెప్పింది. "ఒకటేనా?" అని ఆయన అడగలేదు. నా వైపు తిరిగి, "నేను ముందుకెల్తాను. ఇద్దరం ఇరుక్కుని కూకుని ఏటి చేస్తాం? రెండు గంటలే కదా, నీకు పర్లేదు" అన్నాడు. ఆ అమ్మాయి ఏదో నొక్కింది, మళ్ళీ నొక్కింది, ముఖం చిన్నబుచ్చుకుంది. సార్ టికెట్టు విడిపోవడంతో మేడమ్ కిటికీ సీటు పోయిందట. వెనక మధ్య సీటు ఒక్కటే ఉందట.

"పర్లేదు, పర్లేదు" అని నా బదులు ఆయనే చెప్పాడు.

విమానంలో ఆయన ముందే ఆగిపోయాడు. నేను తెర దాటి, ఎన్నోసార్లు వేలితో నడిచిన దారిలో కాళ్ళతో నడిచాను. కిటికీ దగ్గర జీన్స్ వేసుకున్న అమ్మాయి కూర్చుని ఉంది. నేను ఫోనులో అత్తగారితో మాట్లాడటం విని, "ఆంటీ, తెలుగువాళ్ళా? హమ్ భీ. మాది మరోదా. నాన్న ప్లాంట్‌లోనే, రిటైర్ హో గయే" అంది. మరోదా మా ఊళ్ళోనే ఇంకో పేట. పేరు సుప్రియట. ఢిల్లీలో ఉద్యోగమట. నా మెడ కిటికీ వైపు సాగడం చూసి బెల్టు విప్పి లేచింది. "ఇటు రండి ఆంటీ. నేనెలాగూ సో జాతీ హూఁ, ఎక్కగానే నిద్రే."

ముందు వద్దన్నాను. తర్వాత వెళ్ళి కూర్చున్నాను.

నేల వదిలిపోతుంటే చెంప అద్దానికి ఆనించాను. పొలాలు, చెరువులు, ఒక సన్నటి రోడ్డు. కాసేపటికి దూరంగా పొగ గొట్టాలు కనిపించాయి. మరోదా చెరువు అద్దం ముక్కలా మెరిసింది. మా నాన్న దాలయ్య కోక్ ఓవెన్ల దగ్గర పని చేసి పని చేసి దగ్గు తెచ్చుకున్న ప్లాంటు అదే. నేను పుట్టిందీ, చదివిందీ, పెళ్ళి చేసుకుందీ ఆ పొగ కిందే. రోజూ పొద్దున్న కిటికీ గట్ల మీద తుడిచే ఎర్రదుమ్ము పైనుంచి చూస్తే దుమ్ములా లేదు. తెల్లవారుజామున నీళ్ళ మీద తేలే మంచులా, లేత గులాబి రంగులో ఊరంతా పరుచుకుని ఉంది. దాని కింద మా ఇల్లెక్కడో వెతికాను. దొరకలేదు. దొరకనందుకు దిగులు వెయ్యలేదు.

"మీరేం చేస్తారు ఆంటీ?" అంది సుప్రియ కళ్ళు మూసుకునే.

ఇంట్లోనే ఉంటానమ్మా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. "ఆఫీసు పని. ఇటుకల కంపెనీ" అన్నాను.

"ఆఫీసులో ఎంతమంది?"

"నేనొక్కదాన్నే."

"అరే, మీరే బాస్ అయితే" అంది. ఇద్దరం నవ్వుకున్నాం.

అప్పుడే తెర తీసుకుని ఎయిర్‌హోస్టెస్ వచ్చింది. ముందున్న సార్ గ్యాస్ మాత్ర అడుగుతున్నారని హిందీలో చెప్పింది. సంచిలోంచి తీసి ఇచ్చాను. కాసేపటికి మళ్ళీ వచ్చింది. సార్‌కి శాలువా కావాలట. అదీ ఇచ్చాను. మేఘాల్లోకి వెళ్ళాం. అంతా తెలుపు, ఎటు చూసినా గోడలు లేని తెలుపు. నా పేరు, వయసు, మర్నాడు చెయ్యాల్సిన పనులు ఒక్కొక్కటే నా మీద నుంచి జారి ఆ తెలుపులోకి పోతున్నట్టుంది. ఎవరికీ ఏమీ కాకుండా ఉండటం ఇంత మెత్తగా ఉంటుందని నాకెవరూ చెప్పలేదు.

మూడోసారి వచ్చినప్పుడు ఆ అమ్మాయి కొంచెం మొహమాటపడింది. "సార్ ఉపన్యాసం కాగితం ఎక్కడ పెట్టారో తెలియట్లేదట. మీరొకసారి వచ్చి వెతికి పెట్టమన్నారు. అక్కడ కూర్చోనివ్వలేం మేడమ్, ఒక్క నిమిషం నిలబడి చూసి రావచ్చు."

నా చెయ్యి దానంతటదే బెల్టు మీదకి పోయింది. కాగితం ఆయన గుండెల మీదే ఉంది. చెయ్యి జేబులో పెడితే తగులుతుంది. మబ్బులు అప్పుడే విడిపోతున్నాయి. కింద ఏదో నది పేరు తెలియకుండా వంకరలు తిరుగుతూ పోతోంది. బెల్టు మీద నుంచి చెయ్యి తీసేశాను.

"నేను నిద్రపోతున్నానని చెప్పమ్మా" అన్నాను.

ఆమె తెరిచి ఉన్న నా కళ్ళలోకి చూసింది. తర్వాత పై అరలోంచి చిన్న దిండు తీసి నా ఒళ్ళో పెట్టి, "సరే మేడమ్" అని వెళ్ళిపోయింది. ఏదో పగిలిందేమో, ఆయన తెర తోసుకుని వస్తాడేమోనని ఎదురుచూశాను. ఎవరూ రాలేదు. విమానం పడిపోలేదు. నది మాత్రం చాలాసేపు నాతోపాటు వచ్చింది.

ఢిల్లీలో సామాను వచ్చే బెల్టు దగ్గర ఆయన నాకంటే ముందే ఉన్నాడు. శాలువా భుజాన వేలాడుతోంది.

"నిద్దరపోయావంట కదా" అన్నాడు. "ఆ కాగితం కోసం సంచంతా దిమ్మరించాను, అందరూ నన్నే చూశారు. ఆఖరికి కోటు జేబులో ఉంది. నిన్ను లేపమంటే ఆ పిల్ల లేపదే."

అవునండీ, కన్నంటుకుంది అనేస్తే అయిపోయేది. కారెక్కేవాళ్ళం, సాయంత్రం పట్టుచీర కట్టుకుని స్టేజీ మీద నిలబడేదాన్ని. ఇన్నేళ్ళూ అలాంటి చిన్న మాటలతోనే కాపురం సాఫీగా జరిపాను. ఆయన ముఖంలోకి చూశాను. కోపం కంటే అలవాటు తప్పిన తికమకే ఎక్కువుంది అందులో.

"నిద్రపోలేదండీ" అన్నాను. "మేలుకునే ఉన్నాను."

"మరి?"

"లేవాలనిపించలేదు."