నూట ఎనిమిదిలో మేబెల్

మూడో దిండుకు గలీబు తొడిగి, రెండు మూలలూ పట్టి ఒక్కసారి దులిపి పడక మీద పెట్టేసరికి పది కావస్తోందని ఆర్డిస్‌కి తెలిసిపోయింది. గడియారం చూసుకోలేదు, నడుమే చెప్పింది. ఆ హోటల్లో ఇరవయ్యారేళ్లుగా గదులు సర్దుతున్న నడుము అది. నాలుగో గది దగ్గర పట్టేస్తుంది, ఏడో గదికి వదులుతుంది, పదకొండో గదికి మళ్లీ వచ్చి కూర్చుంటుంది. వచ్చిన చుట్టాన్ని పొమ్మనలేక ఊరుకున్నట్టు ఆమె దానితో ఎప్పుడో రాజీ పడింది.

పొట్టి మనిషి. అరవై మూడేళ్లుంటాయి. నెరిసిన జుట్టు చెవుల కింది దాకా తనే కత్తిరించుకుంటుంది, అందుకే ఒక పక్క కాస్త పొడుగ్గా ఉంటుంది. బ్లీచు నీళ్లకు వేళ్ల చివర్లు తెల్లగా పాలిపోయి, ముడతలు పడి ఉంటాయి. రెండు మోకాళ్లకూ నల్ల పట్టీలు. రోచెస్టర్‌లో పెద్దాసుపత్రి చుట్టూ ఉన్న హోటళ్లలో ఇలాంటి ఆడవాళ్లు ఎంతమందో. వాళ్ల ముఖాలు ఏ అతిథికీ గుర్తుండవు.

బండి తోసుకుంటూ లిఫ్టు దగ్గరికి వచ్చేసరికి హోడన్ ఎదురైంది. తనతో పాటే గదులు సర్దుతుంది, సోమాలియా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి. కుక్క మూతి తగిలిందంటే నమాజుకు ముందు కడుక్కోవాలి, బట్టలు మార్చుకోవాలి. పని మధ్యలో అదెక్కడ కుదురుతుంది? అందుకని కుక్కలున్న గదులన్నీ ఆర్డిస్‌వి. బదులుగా, వంగి తోమాల్సిన స్నానపు తొట్లన్నీ హోడన్‌వి. ఈ ఒప్పందం ఏ కాగితం మీదా లేదు, ఏ మేనేజరుకీ తెలియదు.

"అక్కా, నీ మహారాణి వచ్చిందటగా," అంది హోడన్.

"నిన్న సాయంత్రం దిగింది. మెట్టు కూడా ఎక్కలేకపోతోంది. ఆయనే ఎత్తుకొచ్చాడు."

"ఆయన్ని ఎవరు ఎత్తుకొచ్చారో," అని హోడన్ నవ్వబోయి, ఆర్డిస్ ముఖం చూసి ఆపేసింది.

మహారాణి అంటే మేబెల్. పద్నాలుగేళ్ల బీగిల్ కుక్క. చెవులు వేలాడుతుంటాయి, మూతి తెల్లబడింది, ఎడమ కంటికి పొర కమ్మింది. దాని మనిషి ఓరిన్ టెస్కీ. ఉత్తర డకోటాలో గోధుమలు పండించి, ఇప్పుడు పొలం కౌలుకిచ్చేసిన డెబ్బై ఎనిమిదేళ్ల రైతు. మూడు వారాలకోసారి ఆసుపత్రిలో క్యాన్సరుకు సూది మందు ఎక్కించుకోవడానికి వస్తాడు. ఇది ఐదోసారి.

మొదటిసారి వచ్చినప్పుడే చిక్కుముడి పడింది. డాక్టరు రాసిచ్చిన ఉత్తరం కౌంటరు మీద పెట్టాడు. భార్య పోయాక ఈయన నిద్రా తిండీ మానేశాడనీ, మనసు నిలబడటానికి ఈ జంతువు పక్కన ఉండాలనీ అందులో ఉంది. మేనేజరు ట్రెంట్ దాన్ని రెండుసార్లు చదివాడు. అద్దె ఇంటికైతే ఈ ఉత్తరం చెల్లుతుందనీ, హోటలుకు చెల్లదనీ మర్యాదగానే చెప్పాడు. తర్వాత, మనిషికి సాయంగా పని నేర్చిన కుక్కనైతే హోటలు ఆపకూడదు కనుక, చట్టం అడగనిచ్చే ప్రశ్న అడిగాడు.

"దీనికి ఏదైనా పని నేర్పించారా అండీ? మీ కోసం ఏం చేస్తుంది?"

తెలిసినవాళ్లెవరైనా ఠక్కున ఏదో ఒకటి చెప్పేస్తారు. గుండె దడ పసిగడుతుందనో, మందు వేళకు లేపుతుందనో. ఓరిన్ టోపీ తీసి చేతిలో పట్టుకుని, ఎవరో పొలం గట్టు కొలత అడిగినంత శ్రద్ధగా ఆలోచించాడు.

"ఏమీ చెయ్యదు. పక్కన పడుకుంటుంది. అంతే."

అక్కడే సోఫా దిండ్లు సర్దుతున్న ఆర్డిస్‌కి ప్రాణం ఉసూరుమంది. అయ్యో, ఒక్క అబద్ధం ఆడితే ఏం పోయేదయ్యా, అనుకుంది. దాంతో మేబెల్ మామూలు పెంపుడు కుక్కల లెక్కలోకి వెళ్లింది. కింది అంతస్తులో చివరి గది, నూట ఎనిమిది. తలుపు పిడికి ఎర్ర అట్ట. గదిలో క్షణం కూడా ఒంటరిగా వదలకూడదు. ఆసుపత్రిలో మందెక్కించే చోటికేమో కుక్కని రానివ్వరు.

"అయితే మందు మానేస్తాలే," అన్నాడు ఓరిన్, జుట్టు కత్తిరింపు వాయిదా వేసుకున్నంత తేలిగ్గా.

అప్పుడు ఆర్డిస్ నోరు దానంతటదే తెరుచుకుంది. "పదింటికి ఆ గది నేను సర్దుతాను. నేనుంటే అది ఒంటరిగా ఉన్నట్టు కాదుగా."

"గదికి ఇరవై ఎనిమిది నిమిషాలే, ఆర్డిస్ గారూ," అన్నాడు ట్రెంట్.

"నాది నెమ్మది చెయ్యి, బాబూ."

అలా నాలుగుసార్లు గడిచింది. ఆయన ఉన్న రోజుల్లో ఆర్డిస్ గంట ముందే వచ్చేది, భోజనం మానేది, మిగిలిన గదులు పరుగున ముగించేది. కానీ నిన్న ట్రెంట్ ఆమెని పక్కకి పిలిచాడు. ఏ గదికి ఎంతసేపు పడుతోందో పైవాళ్లు ఫోన్లలో చూస్తున్నారట. "ఇదే ఆఖరుసారి. వచ్చేసారి నుంచి నా వల్ల కాదు. ఆయనకి మీరే చెప్పండి. మీరు చెబితే వింటాడు." కుర్రాడు చెడ్డవాడు కాదు, అదే వచ్చిన చిక్కు. రాత్రంతా ఆ మాట ఎలా మొదలుపెట్టాలా అని ఆర్డిస్ మథనపడింది. చెబితే ఆయన మందు మానేస్తాడు. మానితే ఏమవుతుందో ఆ ఊళ్లో పిల్లలకి కూడా తెలుసు.

ఆమె నూట ఎనిమిదికి వచ్చేసరికి ఓరిన్ అప్పటికే కోటు వేసుకుని సిద్ధంగా ఉన్నాడు. బొత్తాలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకున్నాడు.

"పొద్దున్న ఏమీ తినలేదమ్మా. గుడ్డు ఉడికించి పెట్టినా వాసన చూసి వదిలేసింది."

"తింటుందిలెండి. మీరు వెళ్లిరండి, వేళ మించిపోతుంది."

వచ్చాక చెబుతాను, అనుకుంది. ఆయన వంగి మేబెల్ చెవి ఒకటి వేళ్ల మధ్య నలిపి వెళ్లిపోయాడు.

ఆర్డిస్ తలుపు మూసింది. చెత్త తీసింది, అద్దం తుడిచింది, తుడిచిన అద్దమే మళ్లీ తుడిచింది. వాక్యూమ్ పెట్టలేదు, ఆ చప్పుడంటే దానికి భయం. "ఏమే, అలిగావా? గుడ్డు తినకపోతే ఎట్లాగే?" అని కబుర్లు చెబుతూనే ఉంది. మేబెల్ పడక మీద, ఆయన పడుకున్న గుంటలోనే ముడుచుకుని ఉంది. పదకొండు దాటాక దాని ఊపిరి చప్పుడు మారింది. దూరం దూరంగా వస్తోంది.

ఆర్డిస్ చేతిలోని గుడ్డ పక్కన పెట్టింది. అతిథుల పడకల మీద పనివాళ్లు కూర్చోకూడదు. వేల పడకలు పరిచిన మనిషి ఒక్కదాని మీద కూడా కూర్చోలేదు. ఇవాళ కూర్చుంది. మేబెల్ తల ఎత్తి, పొర లేని కంటితో చూసి, గడ్డం తెచ్చి ఆమె అరచేతిలో పెట్టింది.

ఎనిమిదేళ్ల కిందట భర్త లాయిడ్ పోయినప్పుడు ఆమె ఇదే హోటల్లో మూడో అంతస్తులో ఉంది. ఆయన రోడ్డుకి అవతల ఆసుపత్రిలో ఉన్నాడు. గదుల్లోకి ఫోన్లు తీసుకెళ్లకూడదు కనుక ఆమె ఫోను అల్మారాలో మోగి మోగి ఊరుకుంది. ఆ రోజు ఆమె పద్నాలుగు గదులూ పూర్తి చేసింది. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

పదకొండున్నరకి అరచేయి బరువెక్కింది. ఆర్డిస్ చెయ్యి తియ్యలేదు.

పన్నెండింటికి తలుపు కొట్టి ట్రెంట్ లోపలికి వచ్చాడు. "ఆర్డిస్ గారూ, రెండు గంటలైంది, పైన తొమ్మిది గదులు..." పడక మీద కూర్చున్న ఆమెని చూశాడు. తర్వాత కుక్కని చూశాడు.

"ఎప్పుడు?"

"అరగంటైంది."

"మరి ఇంకా..."

"ఒంటరిగా వదలకూడదని రాసింది మీరే కదా, బాబూ."

ట్రెంట్ వెనక్కి తిరిగాడు. చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయాడు.

ఓరిన్ పన్నెండున్నరకి వచ్చాడు. మోచేతి దగ్గర దూది అంటించి ఉంది. గుమ్మంలోనే ఆయనకి అర్థమైపోయింది. టోపీ తీశాడు.

"ఒక్కతే ఉందా?"

"లేదండీ. నా చేతిలోనే."

"బాధపడిందా?"

"లేదు. నిద్రలోకి జారుకున్నట్టే."

ఆయన కుర్చీలో కూర్చుని, చెయ్యి చాపి మేబెల్ చెవి వేళ్ల మధ్య నలిపాడు. "పనేమీ చెయ్యదని చెప్పాను ఆ అబ్బాయికి," అన్నాడు. "తప్పు చెప్పాను."

ఆర్డిస్ బండిలోంచి పాత తువ్వాలు తియ్యలేదు. కొత్త ఉన్ని దుప్పటి తీసింది. అంచులు మడిచి, పసిపిల్లకి చుట్టినట్టు చుట్టింది. కార్చీఫ్ దొరక్క మోచేత్తోనే కళ్లు తుడుచుకుంది.

"మూడు వారాల తర్వాత రావాలి మీరు," అంది. రాత్రంతా దాచుకున్న మాట ఇక చెప్పక్కర్లేకపోయింది. అందుకే ఆమెకి ఏడుపు ఆగలేదు.

"చూద్దాం. ఇక ఏ అంతస్తులో ఇచ్చినా ఫరవాలేదు నాకు."

"ఇదే గది ఉంచమంటాను. పదింటికి నేను సర్దుతాను. వస్తానని చెప్పండి."

ఆయన కుర్చీలోంచి లేచి టోపీ పెట్టుకున్నాడు. తర్వాత తల ఊపాడు. బొత్తాలు తప్పిన కోటుతోనే, దుప్పటిని గుండెకి పొదువుకుని నడిచాడు. ముందు తలుపు ట్రెంట్ పట్టుకున్నాడు. దుప్పటి సంగతి ఎవరూ అడగలేదు.

ఆర్డిస్ పైకి వెళ్లేసరికి ఆమె గదులు ఆరు సర్దేసి ఉన్నాయి. హోడన్ ఏడో దానిలో ఉంది. తలెత్తకుండానే, "నీ చేతులు కడుక్కునిరా అక్కా, టీ ఉంది," అంది.

నాలుగింటికి తాళాలు అప్పజెప్పే ముందు నూట ఎనిమిదిలో దుప్పట్లు మార్చింది, పడక మీది గుంట చదును చేసింది, నీళ్ల పళ్లెం కడిగి బోర్లించింది. అతిథి వెళ్లిపోయాక అట్ట కూడా తీసుకెళ్లి కౌంటరులో ఇచ్చెయ్యాలి. ఆమె కోటు తగిలించుకుని, వెనక గుమ్మంలోంచి కరుగుతున్న మంచులోకి నడిచి వెళ్లిపోయింది. నూట ఎనిమిది తలుపు పిడికి ఎర్ర అట్ట ఇంకా వేలాడుతోంది: లోపల పెంపుడు జంతువు ఉంది, తలుపు మెల్లగా తీయండి.