గోడ అవతలి ఓడలు

ఆ రేవులో కంట్రోల్ గదిని ఓడలవాళ్ళు "వదిన" అనేవారు. ఆ పేరు ఎవరూ పెట్టింది కాదు. అక్కడ కూర్చునే ఆవిడ మరిది ఓడల పైలట్. ఆకాశంలో ఎగిరే రకం కాదు, బయటినుంచి వచ్చిన ఓడ ఎక్కి, దాన్ని ఇరుకు దారిలోంచి రేవులోకి తీసుకొచ్చే రకం. అతను మొదటిరోజునుంచీ రేడియోలో "వదినా, వస్తున్నాం" అనేవాడు. అది విన్న పరదేశి కెప్టెన్లు ఈ రేవు మర్యాద ఇదే కాబోలనుకున్నారు. గడ్డాలు నెరిసిన మగాళ్ళు, ముక్కూమొహం తెలియనివాళ్ళు, ముందు "వదినా, వదినా" అని పిలిచి ఆ తర్వాత వచ్చిన పని చెప్పేవాళ్ళు. ఆవిడ మొదట్లో నోటికి చెయ్యడ్డం పెట్టుకుని నవ్వేది. తర్వాత అలవాటైపోయింది.

మొగుడు పోయాక వదిన మరిది ఇంట్లోనే ఉండిపోయింది. నిజానికి ఆ మరిదిని పెంచింది ఆవిడే. కాపురానికొచ్చిన కొత్తలో వాడికి చొక్కా గుండీలు పెట్టుకోవడం కూడా రాదు. వాడి పెళ్ళాం, అంటే చిన్నకోడలు, ఆ కంట్రోల్ గదిలోనే వదిన దగ్గర పని నేర్చుకుంది. తోడికోడళ్ళు ఒకే ఇంట్లో, ఒకే ఆఫీసులో ఇమిడితే లోకం నమ్మదు గానీ, వీళ్ళిద్దరూ ఇమిడారు. పోట్లాడుకోలేదని కాదు. రోజూ పోట్లాడుకునేవాళ్ళు, కాకపోతే అన్నం ముందు మొదలుపెట్టి చేతులు కడుక్కునేలోపల ముగించేవాళ్ళు.

ఆ రేవు దారి మంచిది కాదు. సముద్రం వైపు నోరు వెడల్పుగానే ఉంటుంది, లోపలికొచ్చేసరికి కొండ అడ్డమొచ్చి మెడ వంచినట్టు వంగుతుంది. ఆ మలుపులో ఒక పెద్ద ఓడకే చోటు. ఇవతలున్న ఓడకు అవతలున్నది కనపడదు, రాడారు కూడా కొండను దాటి చూడలేదు. పెద్ద ఓడను ఆపాలంటే బ్రేకు తొక్కితే ఆగదు, ఊరంత దూరం పోయి గానీ నిలబడదు. అందుకే మలుపు అవతల ఎవరున్నారో చెప్పడానికి పైనుంచి ఒక మనిషి కావాలి. పూర్వం ప్రతి ఓడా తానెక్కడుందో తానే చెప్పుకునేది, వదిన ముందున్న తెర మీద అన్ని ఓడలూ చుక్కలుగా కనపడేవి. ఒకళ్ళని ఆపి ఒకళ్ళని పంపడం ఆవిడకు మంచినీళ్ళు తాగినంత పని.

ఇంతలో రెండు పెద్ద దేశాలకు చెడింది. ఎందుకు చెడిందో ఆ రేవులో ఎవరికీ సరిగా తెలియదు, ఎవరు పెద్దో తేలకనే అని మాత్రం అందరూ అనేవాళ్ళు. ఇద్దరి ఓడలూ వస్తేనే రేవు బతుకుతుంది కాబట్టి ఇద్దర్నీ కలిపి చాటుగా "వియ్యంకులు" అని పిలుచుకునేవాళ్ళు. ఎవరికి కోపమొచ్చినా పెళ్ళి ఆగేది మనింట్లోనే కదా. ముందు మొదటి దేశంవాళ్ళు తమ ఓడలు తామెక్కడున్నదీ తమ పద్ధతిలోనే చెప్పాలని చట్టం చేశారు. ఆ పద్ధతి వాళ్ళు ఇచ్చిన తెరకే అర్థమవుతుంది. అది పసుపు తెర. వెంటనే రెండోవాళ్ళు దానికి పోటీగా నీలం తెర తెచ్చారు. రేడియోలు కూడా అంతే, వీళ్ళ మాట వాళ్ళకు వినపడదు. పాత తెర తీసేయమని మాత్రం ఇద్దరూ ఒక్క గొంతుతో చెప్పారు. వాళ్ళిద్దరికీ కుదిరిన మాట అదొక్కటే.

వదిన రెండు తెరల మధ్య తిరిగే కుర్చీ వేసుకుని, మెడ అటూ ఇటూ తిప్పుతూ నెట్టుకొచ్చింది. అది కూడా వియ్యంకులకు నచ్చలేదు. మా తెర చూసే కళ్ళు వాళ్ళ తెర చూడకూడదన్నారు పసుపువాళ్ళు. మేమూ అదే అనబోతున్నాం అన్నారు నీలంవాళ్ళు. గది మధ్యన గోడ లేచింది. ఇవతల పసుపు తెరతో వదిన, అవతల నీలం తెరతో చిన్నకోడలు. ఒకరి ఓడల సంగతి ఇంకొకరికి చెబితే అది గూఢచర్యం కిందికి వస్తుందని ఇద్దరిచేతా సంతకం పెట్టించుకున్నారు. ఏ ఓడను ఆపాలో ఏది పంపాలో ఇద్దరూ రేవు మేనేజరుకు ఫోన్‌చేసి అడగాలట, గదుల్లో ఫోన్లు ఆయనకు తప్ప ఇంకెవరికీ పోవు. ఇంట్లో ఒకే కుండలో అన్నం తిని, ఒకే రిక్షాలో ఆఫీసుకొచ్చి, మెట్లెక్కాక ఎవరో ఏమో అన్నట్టు చెరో తలుపులోంచి లోపలికెళ్ళేవాళ్ళు.

మేనేజరు మంచివాడే. మంచివాడు కావడమే ఆయనతో వచ్చిన చిక్కు, ఎవరికీ కాదనలేడు. ఆయన ఫోనెత్తి, ఆలోచించి, చెప్పేలోపల ఓడ మలుపు దగ్గరికి వచ్చేస్తుంది. రెండుసార్లు ఓడలు గుద్దుకోబోయి తప్పాక తోడికోడళ్ళే దారి వెతుక్కున్నారు. రెండు గదుల్లోంచీ పోయే నీళ్ళ పైపు ఒకటుంది. దానిమీద చెంచాతో కొడితే అవతలికి వినపడుతుంది. ఒక దెబ్బ కొడితే ఓడ లోపలికొస్తోందని, రెండు కొడితే బయటికెళ్తోందని, చెంచాతో గీరితే ఆపమని. మరిది ఏ రంగు ఓడ మీదున్నా ఇద్దరికీ తెలిసేది. మేనేజరుకూ ఆ చప్పుడు వినపడేది. ఆయన ఎప్పుడూ పైపు రిపేరు చేయించలేదు, అంతవరకు ఆయన్ని మెచ్చుకోవాలి.

తప్పు అక్కడే జరిగింది. ఆ చెంచా ఎంత బాగా పనిచేసిందంటే, రేవులో ఒక్క ఓడ కూడా ఇంకో ఓడకు గీత పెట్టలేదు. మేనేజరు ప్రతి నెలా ఇద్దరు వియ్యంకులకూ "ఏ ఇబ్బందీ లేదు" అని రాసి పంపాడు. చూశారా, గోడ కడితే కొంపలు మునుగుతాయన్నారు, మునిగాయా అని ఇద్దరూ లోకమంతా చాటుకున్నారు. ఈ రేవును చూసి నేర్చుకోమని మిగతా రేవులకు చెప్పారు. పేపర్లో ఆ సంగతి చదివిన రోజు వదిన అన్నం మధ్యలోనే లేచిపోయింది. ఆ రేవుల్లో పైపు ఉంటుందో లేదో, ఉన్నా అటుపక్క తోడికోడలుండదు కదా. నిజం చెప్పేద్దామా అని ఆ పూట చిన్నకోడల్ని అడిగింది. చెబితే ఇద్దరం జైలుకే, మా ఆయన ఉద్యోగం కూడా పోతుందంది చిన్నకోడలు. ఆమాటా నిజమే. ఇద్దరూ నోరు మూసుకున్నారు.

గోడతో ఇంత బాగా జరుగుతోంది కాబట్టి ఇంకాస్త దూరం జరుగుదామనుకున్నారు నీలంవాళ్ళు. రేవు అవతలి చివర కొత్త భవనం కట్టి, తెరనూ చిన్నకోడల్నీ అక్కడికి మార్చారు. ప్రారంభోత్సవానికి రెండువైపుల పెద్దలూ వచ్చారు. మేనేజరు ఉపన్యాసం రాసుకుని, మధ్యలో మోగకుండా ఫోన్ కట్టేసి జేబులో పెట్టుకున్నాడు.

ఆ పూటే పసుపు ఓడ ఒకటి రేవు విడిచింది. దాని మీద మరిది ఉన్నాడు. వదిన మేనేజరుకు ఫోన్‌చేసింది, ఎత్తలేదు. మళ్ళీ చేసింది. చెయ్యి అలవాటుగా పైపు దగ్గరికి వెళ్ళింది గానీ, అవతల ఖాళీ గది. అప్పుడే రేడియోలో మరిది గొంతు వినిపించింది, దారి ఖాళీయేనా అని.

"తెర మీద ఖాళీయే," అంది వదిన.

"తెర సంగతి నేనడగలేదు వదినా. నీ సంగతి చెప్పు."

ఆవిడ లేచి కిటికీ దగ్గరికెళ్ళింది. ఆ ఎత్తునుంచి దారి నోరు కనపడేది మంచు లేని పగలు మాత్రమే, ఆ పూట ఎండ బాగా కాస్తోంది, సముద్రం తళతళలాడుతోంది. దారి నోట్లోంచి కొండంత ఓడ ఒకటి లోపలికి తిరుగుతోంది. పెట్టెలు మేడలాగా పేర్చుకుని, నిండు బరువుతో, నీళ్ళలోకి దిగిపోయి ఉంది. వెనక్కి తిరిగి తెర చూసింది. తెర మీద అక్కడ నీళ్ళు తప్ప ఏమీ లేవు. కళ్ళ ముందున్న ఓడ లేదనే చెబుతోంది తెర. అలా లేదని చెప్పడానికే కదా దాన్ని చేసింది. తాను పెట్టిన సంతకం గుర్తొచ్చింది, జైలు గుర్తొచ్చింది. గుండీలు పెట్టుకోవడం రాని పిల్లాడూ గుర్తొచ్చాడు.

"అబ్బాయ్, ఎదురుగా నీలం ఓడ వస్తోంది. మలుపులోకి పోకు. పక్కకి తిప్పి బురదలోకి ఎక్కించెయ్."

మరిది ఎందుకని అడగలేదు. ఓడ ఒరుసుకుంటూ బురదలోకి పోయి, మూలుగుతూ ఆగిపోయింది. నీలం ఓడ మలుపు తిరిగి, దాని పక్కనుంచే పోయింది. ఆ ఓడమీదివాళ్ళ మొహాలు కూడా కనపడ్డాయని తర్వాత మరిది చెప్పాడు. ఎవరికీ చిన్న దెబ్బ తగల్లేదు. ఆ సాయంత్రం ఇంట్లో అతను అన్నం తింటూ జోకులు వేశాడు గానీ, ఆ రాత్రి దీపం ఆర్పనివ్వలేదు.

విచారణ పసుపువాళ్ళు పెట్టారు, ఎందుకంటే అడుగు చిరిగింది వాళ్ళ ఓడకే. వాళ్ళ అధికారి మర్యాదస్తుడు. వదినను కూర్చోబెట్టి, మంచినీళ్ళిప్పించి, ఆనాటి తెర మళ్ళీ వేసి చూపించాడు. దారంతా ఖాళీగా ఉంది. ఖాళీ దారిలో ఓడను బురద ఎక్కించమని ఎందుకన్నారని అడిగాడు. కిటికీలోంచి చూశానంది వదిన. కిటికీ చూసింది రికార్డులో లేదండీ, అన్నాడాయన నొచ్చుకుంటూ. నీలంవాళ్ళను అడిగితే, తమ ఓడ ఏ వేళ ఎక్కడుందో చెప్పడం తమ చట్టానికి విరుద్ధమన్నారు. అసలు ఓడ ఉందనీ అనలేదు, లేదనీ అనలేదు. మేనేజరు గది కప్పువైపు చూస్తూ కూర్చున్నాడు.

చివరికి చిన్నకోడల్ని పిలిచారు. నోరు విప్పితే ఏమవుతుందో నీలంవాళ్ళు ముందే చెప్పి పంపారు. తెలియదంటే ఉద్యోగం నిలబడుతుంది. వదిన కూడా కళ్ళతోనే వద్దని చెప్పింది. చిన్నకోడలు అటు చూడలేదు.

"ఓడ ఉందండీ. నా తెర మీద నేనే చూశాను. లోపలికి రమ్మన్నది కూడా నేనే. ఎదురుగా మా ఆయన వస్తున్నాడని నాకు తెలీదు." అధికారి వైపు తిరిగింది. "నా నోటితో నేనే పిలిచాను. మా అక్క చూడకపోతే ఏమయ్యేదో మీ తెరలో చూపించగలరా?"

అధికారి అంతా రాసుకున్నాడు. చిన్నకోడలు నిజం చెప్పడం వల్ల వదినకు జైలు తప్పింది, ఇద్దరికీ ఉద్యోగాలు మాత్రం పోయాయి. వియ్యంకులిద్దరూ విడివిడిగా నివేదికలు రాశారు. గొడవకు మూలం కిటికీ అని పసుపువాళ్ళు తేల్చారు, బంధువుల్ని పక్కపక్కన పనిలో పెట్టడమని నీలంవాళ్ళు తేల్చారు. కిటికీ మూయించారు. రెండు గదుల్లోనూ కొత్తవాళ్ళను కూర్చోబెట్టారు. వాళ్ళకు ఒకరి భాష ఒకరికి రాదు, ఒకరి మొహం ఒకరు చూసి ఎరగరు. పైలట్ తప్పేమీ లేదు, పైనుంచి వచ్చిన మాట విన్నాడంతే అని వియ్యంకులిద్దరూ ఒప్పుకున్నారు. మరుసటి వారం నుంచి పనిలోకి రమ్మన్నారు.

వద్దని వదిన కాళ్ళావేళ్ళా పడింది. మరిది నవ్వి, ఇంట్లో ముగ్గురం కూర్చుంటే పొయ్యి వెలగదు కదా వదినా, అన్నాడు. రేవులో పైలట్లే తక్కువ, మలుపు దగ్గర కూత వేసుకుంటూ జాగ్రత్తగా పోతానులే అన్నాడు. చొక్కా గుండీలు తనే పెట్టుకుని వెళ్ళిపోయాడు.

వాళ్ళ వీధికి రేవు కూతలు వినపడతాయి. తోడికోడళ్ళిద్దరూ వంటింట్లో కూరలు ముందేసుకుని కూర్చున్నారు. ఆ పొద్దు పోట్లాడుకోలేదు. ఒకసారి ఆవల కొండవైపునుంచి పొడుగ్గా కూత వినిపించింది. చిన్నకోడలు కత్తిపీట పక్కకు పెట్టేసి, అది ఆయనదే అంది. వదిన తలూపింది. అంతలోనే ఇంకో కూత వినిపించింది. ఇది లావుగా, బరువుగా ఉంది.

"అక్కా, ఆ రెండోది లోపలికొస్తోందా, బయటికెళ్తోందా?" అని అడిగింది చిన్నకోడలు.

వదిన లేచి కిటికీ దగ్గరికెళ్ళింది, అక్కడినుంచి ఎదురింటి గోడ తప్ప ఏమీ కనపడలేదు.