ఈ-నాలుగు నంబరు జాగా

మా సరస్సు పార్కులో బండి పెట్టుకుని రాత్రుళ్ళు ఉండడానికి కరెంటు ఉన్న జాగాలు ఇరవై రెండే. నూట ఇరవై రోజుల ముందు, పొద్దున సరిగ్గా ఎనిమిదింటికి బుకింగు తెరుస్తారు. ఎనిమిదీ ఒక నిమిషానికల్లా ఒక్కటీ మిగలదు. ఆ ఒక్క నిమిషం కోసం ఏప్రిల్‌లో పది రోజులు వరసగా కాఫీ అయినా ముట్టకుండా కంప్యూటరు ముందు కూర్చున్నాను. మా ఆయన లైల్‌కి ఊపిరితిత్తులు పాడయ్యాయి. పగలూ రాత్రీ ఆక్సిజన్ మిషను నడవాలి, దానికి కరెంటు కావాలి. ప్లగ్గు ఉన్న చోటికైతేనే తీసుకెళ్ళమంది డాక్టరు. మరి వచ్చే వేసవికో అని అడిగితే మాత్రం జవాబు చెప్పకుండా కాగితాలు సర్దుకుంది.

నలభై ఆరేళ్ళుగా ప్రతి ఆగస్టులోనూ వెళ్ళిన సరస్సు అది. ఈ ఆగస్టులోనూ వెళ్ళి తీరాలి, అంతే.

పదకొండో రోజు దొరికింది. మిగతావన్నీ చూస్తుండగానే మాయమైపోయినా, ఈ-4 అనే జాగా మాత్రం నా కోసమే అన్నట్టు ఉండిపోయింది. "ఈ అంటే ఎలక్ట్రిక్. పట్టుదల అంటే ఇదీ," అని లైల్ ముందు గొప్పలు పోయాను. ముప్ఫై ఏళ్ళుగా స్కూలు బస్సు నడుపుతున్నదాన్ని, నాకు బోర్డులు చదవడం ఒకరు నేర్పాలా?

ఆగస్టులో ఒక మధ్యాహ్నం లోపలే పడుకునే వసతి ఉన్న మా క్యాంపరు బండిని ఈ-4లోకి వెనక్కి పెట్టి దిగాను. కరెంటు స్తంభం కోసం చుట్టూ వెతికాను. ఎక్కడా లేదు. ఉండాల్సిన చోట గుర్రాన్ని కట్టే రాట ఉంది. పక్క జాగాలో ఒక ఎర్ర గుర్రం గడ్డి నములుతూ నన్నే చూస్తోంది.

లైల్ కిటికీలోంచి తల బయటపెట్టాడు. "ఏమే, మిషను ఆ గుర్రానికి తగిలించాలా?"

"నోరు మూసుకుని గాలి పీల్చు."

నా మీద నాకే ఒళ్ళు మండిపోయింది. విసవిసా గేటు దగ్గర ఆఫీసుకి నడిచాను. రేంజరు బ్రిట్టా పాతికేళ్ళ పిల్ల. మ్యాపు నా వైపు తిప్పింది.

"ఈ అంటే ఈక్వెస్ట్రియన్ అండీ. గుర్రాలతో వచ్చేవాళ్ళకి. బుకింగులో గుర్రం బొమ్మ కూడా ఉంటుంది."

"అది పార్కు ముద్ర అనుకున్నాను."

పాపం, నవ్వలేదు. కరెంటు జాగాలన్నీ నిండిపోయాయంది. జనరేటరు పెట్టుకున్నా రాత్రి పదికి ఆపేయాలంది. మా మిషను బ్యాటరీ నాలుగు గంటలు వస్తుంది, దానికి తోడు ఒక ఆక్సిజన్ సిలిండరు ఉంది. ఇంటికి చేరడానికి చాలు, రాత్రి గడవడానికి చాలదు.

"అయితే ఇంటికెళ్ళడమే మంచిదేమో అండీ," అంది మెల్లగా.

"వెళ్ళను."

అన్నానే గాని ఏం చెయ్యాలో నాకూ తెలియలేదు. అప్పుడే కిటికీలోంచి ఎదుటి జాగా కనబడింది. కరెంటు స్తంభం, నీళ్ళ కొళాయి, అన్నీ ఉన్నాయి, మనిషి మాత్రం లేడు.

"అదెవరిది?"

"క్యాంపు హోస్టుదండీ. ఇక్కడే ఉండి పనిచేసే వాలంటీరుకిస్తాం. తుంటి విరగడంతో ఆయన పోయిన వారం వెళ్ళిపోయారు. కొత్తాయన రావడానికి ఇంకా పది రోజులు. అది మామూలు వాళ్ళకి ఇవ్వకూడదు."

"ఏం పని?"

"మరుగుదొడ్లు కడగాలి, కట్టెల మోపులు అమ్మాలి, గోల చేసేవాళ్ళకి సర్దిచెప్పాలి."

"బస్సు నిండా పిల్లలకి ముప్ఫై ఏళ్ళుగా సర్దిచెబుతున్నాను. చీపురెక్కడుంది?"

"అలా కుదరదండీ. దరఖాస్తు పెట్టాలి, పోలీసు రికార్డు చూడాలి. రోజులు పడుతుంది."

"నా రికార్డు స్కూలు వాళ్ళు ఏటా చూస్తారు. జూన్‌లో చూసిన కాగితం బండి అరలోనే పడుంది. పట్టుకొస్తానుండు."

కాగితం ఆమె చేతిలో పెట్టి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను. బ్రిట్టా పైవాళ్ళకి ఫోను చేసింది, ఆగింది, ఎవరికో మళ్ళీ చేసింది. నేను కుర్చీలోంచి కదల్లేదు. చివరికి ఫోను పెట్టేసి దరఖాస్తూ, వాలంటీర్లు తొడుక్కునే నారింజ రంగు కోటూ ఇచ్చింది.

"కొత్తాయన వచ్చేదాకానండీ."

"చాలమ్మాయ్."

బండిని హోస్టు జాగాలోకి మార్చి ప్లగ్గు పెట్టగానే మిషను మీద పచ్చదీపం వెలిగింది. లైల్ సరస్సు వైపు కుర్చీ వేసుకుని నా చేతిలోని కోటు లాగేసుకున్నాడు.

"కట్టెలు నేనమ్ముతా. కూర్చుని చేసే పనేగా. మరుగుదొడ్లు నీకే."

"ఎంత దయో."

బల్ల మీద దరఖాస్తు నింపుతూ ఆఖరి ప్రశ్న దగ్గర ఆగిపోయాను. వచ్చే వేసవిలో పనిచేయగలరా? ఎంతమంది? ఆ డాక్టరు కాగితాలు సర్దుకోవడం గుర్తొచ్చింది. లైల్ నా భుజం మీదుగా చదువుతున్నాడు. అవునని రాశాను. దాని పక్కన, ఇద్దరం అని రాశాను.

ఆయన ఆ 'ఇద్దరం' మీద వేలు పెట్టాడు.

"ఈసారైనా సరిగ్గా చదివే రాస్తున్నావా?"

"చదివే రాస్తున్నాను," అన్నాను.