చచ్చిన అంచు

నేను ఒక సెల్‌ఫోన్‌ని. చవక రకం. ఫ్యాక్టరీలో నన్ను బిగించిన చేతులకు తొడుగులుండేవి, అందుకే ఆ మనుషులెవరో నాకు తెలియదు. నాకు తెలిసిన మొదటి వేలు భూలక్ష్మిది. పెద్దపల్లి దాటాక రోడ్డు పక్కనున్న పెట్రోల్ బంకులో పైపు పట్టుకుని నిలబడే మనిషి.

ఒకసారి ఆమె చొక్కా జేబులోంచి జారిపడ్డాను. పెట్రోలు పోయించుకున్న బైకు ఒకటి నా కుడి అంచు మీంచి పోయింది. ఆ పెద్దమనిషి వెనక్కి తిరిగి చూడలేదు. తొందరట! అప్పట్నుంచీ నా కుడి అంచు చచ్చింది. బొమ్మ కనబడుతుంది, వేలు పెడితే మాత్రం నాకు తెలియదు.

సరిగ్గా అప్పుడే ఆమెకు చెస్ పిచ్చి పట్టింది. టీ తాగే టైములో బంకు వెనక గాలి మిషన్ పక్కన కూర్చుని ఆన్‌లైన్‌లో ఆడేది. బోర్డులో కుడివైపు చివరి నిలువు వరుస మొత్తం నా చచ్చిన అంచు మీద పడేది. ఆ మూలనున్న ఏనుగు కదలదు, దాని ముందున్న బంటు కదలదు. బోర్డు తిప్పే గుర్తూ ఆ మూలే ఏడ్చింది. ఏనుగు బయటపడడానికి ఒకటే దారి, కోట కట్టడం. రాజును రెండు గళ్లు అటు జరిపితే ఏనుగు తనంతట తానే ఇవతలికి దూకుతుంది. అందుకని ఏ ఆటైనా ముందు కోట కట్టేసేది. ఆ తర్వాత నడి బోర్డులో ఓపిగ్గా కొట్లాడేది. మొదట్లో మంత్రిని ఊరికే పోగొట్టుకున్న మనిషి, మెల్లమెల్లగా అవతలివాళ్లకు చెమటలు పట్టించింది.

పాలకొల్లు నుంచి సత్తిరాజు గారని ఒకాయన రోజూ ఆమెతో ఆడేవారు. ఓ రోజు ఆయన మెసేజ్ పెట్టారు.

"భలే కట్టుదిట్టమైన ఆటండీ మీది! ఏ కోచ్ దగ్గర నేర్చారండీ?"

"పెట్రోల్ బంకుల కోచ్ ఎవలుంటరు సార్? గాలి మిషనే."

లేమిని చూసి శైలి అని పొగిడేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. అయినా ఆయన్ని తిట్టను. ఆ మాటను ఆమె పైకీ కిందికీ జరిపి మళ్లీ మళ్లీ చదివింది. అంతకు ముందు ఎవరూ ఆమెను దేనికీ మెచ్చుకోలేదు.

ఒక్కసారైనా ఆయన్ని ఓడించాలి. ఆమెకున్న కోరిక అదొక్కటే. ఓటమి ఎప్పుడూ ఒకేలా వచ్చేది. ఆయన ఏనుగు ఈమె రాజున్న అడ్డ వరుసలోకి దూరేది, రాజు తన బంట్ల వెనకే ఊపిరాడక చచ్చేవాడు. అంచు బంటును ఒక్క గడి జరిపితే చాలు, కోట చెడకుండా రాజుకు కిటికీ తెరిచినట్టే. అది ఆమెకు తెలుసు. నొక్కేది, మళ్లీ నొక్కేది. నాకు తెలిసేది కాదు.

చివరికి కొత్త ఫోన్ కొనుక్కుని నన్ను ఓదెలు రిపేరు షాపులో ఇచ్చేసింది. ఓదెలు నాకు కొత్త గ్లాసు వేసి గాజు అరలో పెట్టాడు.

కొన్నాళ్లకు ఆమె వచ్చింది.

"ఓదెలన్నా, నా పాత ఫోన్ ఉన్నదా? మల్ల నాకే ఇయ్యి."

"కొత్తది పాడైందా చెల్లె?"

"మంచిగనే ఉన్నది. అండ్ల అన్నీ కదుల్తున్నయి. ఆ ఆశకు కోట ఇడిశిపెట్టి ఏనుగును ఊరంత తిప్పుతున్న. ఓడుడే ఓడుడు. నిన్న ఆ సారు, ఆడేది మీరేనా, ఇంకెవరన్ననా అన్నడు. పాణం చివుక్కుమన్నది."

"ఫోన్ ఆడతదా? ఆడేది నువ్వు గాదా?"

"అదే సూస్త. ఇటియ్యి."

స్టూలు మీద కూర్చుని తన పేరుతో నాలోకి వచ్చింది. సత్తిరాజు గారిని ఆటకు పిలిచింది. నాకు కొత్త గ్లాసు పడిందని, అంచు బాగై ఉంటుందని కాసేపట్లోనే కనిపెట్టింది. అయినా ముందు కోటే కట్టింది. నడి బోర్డులో పాత పట్టుతోనే నిలబడింది. ఆయన ఏనుగు ఈమె రాజున్న అడ్డ వరుసకు గురిపెట్టింది.

అప్పుడు ఆమె బొటనవేలు నా అంచు మీద పడింది. పైపు మీట నొక్కీ నొక్కీ కాయ కాచిన వేలు. అంచు చచ్చాక ఆ చోట అది నాకు తెలియడం అదే మొదలు. బంటు ఒక్క గడి జరిగింది.

సత్తిరాజు గారి ఏనుగు వచ్చింది, రాజు కిటికీలోంచి తప్పుకున్నాడు. ఇంకో నాలుగెత్తుల్లో ఆయన చేతులెత్తేశారు.

"ఓడిపోయానండీ. ఇప్పుడు మీరే ఆడారు."

ఆమె గట్టిగా నవ్వింది. నా ముఖం చొక్కా చేతితో తుడిచి ఓదెలు ముందు పెట్టింది.

"వద్దులే అన్నా, అమ్ముకో. ఇగ ఏ ఫోనైనా ఒకటే నాకు."

వెళ్లిపోయింది. అరలో ఉన్నాను. వచ్చినవాళ్లు తడిమి చూసి, కెమెరా బాగాలేదని పెట్టేసి పోతుంటారు. ఆమె గెలవాలనే నేనూ కోరుకున్నాను, గెలిచింది. ఇంకేం కావాలి నీకు అంటే సిగ్గు లేకుండా చెబుతాను. ఇంకో ఆట.