చుక్కల చెయ్యి

చిటికెన వేలి దగ్గరికి వచ్చేసరికి రత్నమాల చెయ్యి దానంతట అదే ఆగుతుంది. రెండో కణుపు దాటి గీయదు. మిగతా మూడు వేళ్లూ, బొటనవేలూ నిండుగా ఉంటాయి. చిటికెన వేలు మాత్రం మధ్యలోనే గుండ్రంగా ముగిసిపోతుంది. ఈ ఉదయం కూడా అలాగే ముగించి, మౌస్ వదిలి, చల్లారిన టీ ఒక గుక్క తాగింది.

మాదాపూర్‌లోని ఆ ఆఫీసు ఇతరులు కనిపెట్టిన వస్తువులకు పేటెంట్లూ, డిజైన్ హక్కులూ తెప్పిస్తుంది. వాటికి బొమ్మలు గీయడం రత్నమాల పని. యాభై దాటిన మనిషి, సన్నటి ఒళ్లు. కాకినాడలో డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చదివి, పెళ్లయ్యాక ఇటు వచ్చింది. మెడలో రెండు జతల కళ్లద్దాలు వేలాడుతుంటాయి, ఒకటి స్క్రీనుకు, ఒకటి మనుషులకు. ఏది ఎప్పుడు పెట్టుకోవాలో అప్పుడప్పుడు తికమక పడి, ఎదుటివాళ్లను చిన్న అక్షరాలు చదివినట్టు చూస్తుంది.

ఈ పనిలో ఒక పద్ధతి ఉంది. హక్కు అడుగుతున్న వస్తువును నిండు గీతతో గీయాలి. దాన్ని పట్టుకున్న చేతిని చుక్కల గీతతో గీయాలి. వస్తువు మాది, చెయ్యి మాది కాదు అని చెప్పడమన్నమాట. "లేకపోతే లోకంలో ఉన్న చేతులన్నీ మావేనని అడిగినట్టవుతుంది" అని కొత్తగా చేరినవాళ్లకు ఆమె నవ్వకుండా చెబుతుంది.

ఆ చుక్కల చెయ్యి ఆమె భర్త బుల్లిబాబుది. పెళ్లికి ముందే లేత్ మిషన్‌లో వేలు తెగింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎవరి చెయ్యి చూసి గీయాలో తోచక, ఇంట్లో గరిటో సీసానో ఆయన చేతికిచ్చి పట్టుకోమనేది. ఆయన ఫోటో తీయించుకుంటున్నట్టు బిగుసుకుని కూర్చునేవాడు.

"ఆధార్ మిషన్‌లో నా వేలిముద్రలు పడి చావవు. సర్కారు రికార్డుల్లోకి మాత్రం చెయ్యి మొత్తం ఎక్కేస్తోంది, చూశావా" అని మురిసిపోయేవాడు. ఆ కాగితాల్లో కనిపెట్టినవాళ్ల పేరుంటుంది, వాళ్ల తరఫున దరఖాస్తు వేసే ఏజెంటు సంతకముంటుంది. గీసినవాళ్ల పేరు ఎక్కడా ఉండదు. ఆ చెయ్యే తన సంతకమని రత్నమాల అనుకునేది.

పదకొండింటికి ఏజెంటు రవికిరణ్ ఆమె టేబుల్ దగ్గరికి వచ్చాడు.

"రత్నమాల గారూ, దినేశ్ గారు ఫోన్ చేశారండి."

దినేశ్‌ది నిజాంపేట. హాస్టళ్లకు మంచినీళ్ల క్యాన్లు వేస్తూ, క్యాన్ మెడకు తగిలించి ఎత్తుకునే ఒక పిడి తయారుచేశాడు. ఆ నమూనా పిడి ఆమె టేబుల్ మీదే ఉంది.

"బొమ్మలో చిటికెన వేలు ఎందుకు పొట్టిగా ఉందని అడుగుతున్నారండి. పిడి అలాంటి చేతికోసమే చేశామనుకుంటారని ఆయన భయం. సాయంత్రానికి ఫైల్ చేయాలి. ఆ వేలు కొంచెం పూర్తి చేసేయండి."

"చుక్కల గీతే కదండీ. మనం దానికి హక్కు అడగట్లేదుగా."

"నిజమేనండి. కానీ చూడగానే కన్ను అక్కడికే పోతోంది."

అతను మెత్తగానే చెప్పాడు. పాపం, అతనికి ఏమీ తెలియదు. ఆ మెత్తదనానికే రత్నమాలకు కోపం వచ్చింది.

చిటికెలో అయిపోయే పని. వేలి కొస గీసింది, చెరిపింది. మళ్లీ గీసింది, మళ్లీ చెరిపింది. వేలు పూర్తయితే అది బుల్లిబాబు చెయ్యి కాదు. చూసిన ముఖంలాగే ఉన్నా పిలిస్తే పలకని దూరపు బంధువులా ఉంది.

మధ్యాహ్నం క్యారేజీ తెరవబుద్ధి కాలేదు. ప్రచురించిన పేటెంట్లు ఎవరైనా చూసుకోగల సైటు తెరిచి, తను గీసిన పాత బొమ్మలు వెతికింది. గరిటె, డ్రిల్లు, షాంపూ సీసా మూత, లారీ గేరు. అన్నింటినీ పట్టుకుని ఆ పొట్టి వేలి చెయ్యే. హక్కులు ఇరవై ఏళ్లకు తీరిపోతాయి. వస్తువులు అంతకు ముందే పాత సామాన్లవాడికి పోతాయి. ఈ బొమ్మలను మాత్రం ఎవరూ తీసేయరు. ఆమెకు ఏడుపొచ్చింది. కళ్లద్దాలు మార్చుకుని కూర్చుంది.

"మేడం, గా పిడి జర ఇస్తరా? క్యాన్ ఎక్కియ్యాలె."

హౌస్‌కీపింగ్ కళ్యాణి. నానక్‌రామ్‌గూడ నుంచి షేర్ ఆటోలో వస్తుంది. గ్లాసులు తోముతూ మధ్యలో వచ్చినట్టుంది, చేతులకు సబ్బు నురగ. పిడి తగిలించి, నడుం వంచి, నిండు క్యాన్‌ను నేల మీంచి లేపింది. నాలుగు వేళ్లూ పిడిని చుట్టుకున్నాయి.

"కళ్యాణీ, అలాగే ఉండు."

"ఏంది మేడం, ఏమన్న తప్పయిందా?"

"లేదు. నీ చెయ్యి గీస్తాను."

"గీ బోళ్లు తోమే చెయ్యా? ఆగుండ్రి, కడుక్కొనొస్త."

"అక్కర్లేదు. గాజులు కూడా ఉండనీ."

రత్నమాల కాగితం లాక్కుని పెన్సిల్‌తో గబగబా గీసింది. చాలాకాలం తర్వాత ఎదురుగా ఉన్న చేతిని చూస్తూ గీస్తోంది. కళ్యాణి మోచెయ్యి వణికినా క్యాన్ దించలేదు.

"నా పేరు రాస్తరా?"

"రాయరు. నా పేరూ ఉండదు."

"మరి నా చెయ్యని ఎట్ల తెలుస్తది?"

"సైటులో పెట్టాక చూపిస్తాను. నువ్వు గుర్తుపట్టవా?"

"మా ఆయన గుర్తుపడ్తడు గని, నాకే డౌటు" అని కళ్యాణి నవ్వేసింది.

రత్నమాలకూ నవ్వొచ్చింది. పెన్సిల్ పక్కన పెట్టి మరీ నవ్వింది.

బుల్లిబాబు కిందటి వానాకాలంలో చనిపోయాడు. ఆసుపత్రిలో ఆ చెయ్యి చల్లబడేదాకా ఆమె పట్టుకునే ఉంది. ఆ తర్వాత కూడా వదల్లేదు. గీసిన ప్రతి బొమ్మలోనూ ఆయన్ను తనతో ఆఫీసుకు తెచ్చుకుంది. ఇవాళ సాయంత్రం వెళ్లనిచ్చింది.

కంప్యూటర్లోకి ఎక్కించిన కొత్త బొమ్మ చూసి రవికిరణ్ తలూపాడు.

"గాజులున్నాయేంటండీ?"

"అవీ చుక్కలేనండి."

అతను వెంటనే ఫైల్ చేసేశాడు. రత్నమాలకు ఒక్కసారిగా ఆకలి తెలిసింది. క్యారేజీ విప్పి, చల్లటి పప్పన్నం ఆఖరి మెతుకుదాకా తిని, లైటు తీసి ఇంటికి బయలుదేరింది. టేబుల్ మీద కళ్యాణి తిరిగి తెచ్చిపెట్టిన పిడి ఉంది, దానికి నాలుగు వేళ్ల మేర సబ్బు మరకలు తెల్లగా ఆరి ఉన్నాయి.