అంచున నిలబడ్డవాడు

గాలి మొక్కజొన్న పొట్టు వాసనతో వచ్చింది.

కోతలు దగ్గరపడ్డాక వీచే గాలి. పొడిగా... నాలిక మీద కాస్త దుమ్ము రుచితో.

ఆ గాలిలోకి ఒక బంతి లేచింది.

గాలి దాన్ని పక్కకి నెట్టాలని చూసింది. అది లొంగలేదు. మైదానం ఆ కొసన పరుగెడుతున్నవాడి చేతుల్లోకి, తన గూడు తనకు తెలిసిన పిట్టలా వాలింది.

విసిరినవాడు లమార్ టిబ్స్. కాలేజీలో అదే మొదటి ఏడు. అలబామా నుంచి బస్సు దిగి ఇంకా వారం కాలేదు.

చూసినవాడు గ్లెన్ సెడ్లాక్. నెబ్రాస్కాలో పుట్టి, ఆ గాలిలోనే విసరడం నేర్చినవాడు. గాలికి ఎంత వాలు ఇవ్వాలో తన భుజానికి తెలుసు అనుకున్నవాడు.

కోచ్ హాగెన్ నోట్లోంచి ఈల జారి మెడలో వేలాడింది.

గ్లెన్‌కి అది చాలు.

ఆ ఊళ్ళో శనివారం అంటే ఫుట్‌బాల్. కాళ్ళతో తన్నేది కాదు — చేతులతో విసిరేది, భుజాలతో గుద్దుకునేది. అందులో క్వార్టర్‌బాక్ ఒక్కడే. ప్రతి ఎత్తుకీ బంతి ముందు అతని చేతికే వస్తుంది. అది ఎటు పోవాలో అతనే తేలుస్తాడు. మిగతావాళ్ళు జట్టు. అతను ఆ జట్టు పేరు.

రెండేళ్ళు గ్లెన్ తన వంతు కోసం కాచుకున్నాడు. "ఇంకొక్క ఏడు ఓపిక పట్టరా, ఆ తర్వాత నీదే" అన్నాడు కోచ్. నాన్న ఎమిల్ ఆ మాట సొంతూళ్ళో ధాన్యం గోదాముల దగ్గర కనపడ్డవాడికల్లా చెప్పాడు. ఊరు విన్నది. గాలి కూడా విన్నదనే అనుకున్నాడు గ్లెన్.

ఆ ఇంకొక్క ఏడు గడిచింది. లమార్ వచ్చాడు.

మొదటి శనివారం బంతి లమార్ చేతికి వెళ్ళింది.

గ్లెన్‌కి దక్కింది మైదానం అంచు.

అంచున నిలబడాలి. కోచ్ చెవిలో చెప్పిన ఎత్తుని చేతి సైగలతో లోపలికి అందించాలి. టోపీ తాకితే ఒకటి. మోచెయ్యి నిమిరితే ఇంకొకటి. లోపల లమార్ అతని చేతులు చూసేవాడు, తల ఊపేవాడు, విసిరేవాడు. జనం లేచి నిలబడేవారు.

తన చేతులు చెప్పినదే... వాడి చేతులు చేస్తే కేకలు.

కాఫీ కొట్టు డాటీ ఊరుకునే మనిషి కాదు. "ఏం గ్లెన్, అదృష్టవంతుడివయ్యా. నీ జెర్సీకి మట్టే అంటదు, ఉతికే పనే లేదు" అంది. బల్లల దగ్గర అందరూ నవ్వారు. గ్లెన్ కూడా నవ్వాడు. కాఫీ చేదుగా దిగింది.

అమ్మ ప్రతి వారం ఆల్‌బుఖారా పండ్ల గుజ్జు పెట్టిన కొలాచీలు పంపేది. రొట్టె మెత్తగా, మధ్యలో పండు జిగురుగా. లమార్ ఒకటి తిని కళ్ళు మూసుకున్నాడు.

"ఒరేయ్, మీ అమ్మని నాకు దత్తత ఇచ్చెయ్ రా."

"మా నాన్న ఒప్పుకోడు."

"ఆయన్నీ ఇచ్చెయ్."

ఆ మాట ఇంట్లో చెప్పి నవ్వించాలనుకున్నాడు గ్లెన్. అమ్మ నవ్వింది. మరుసటి వారం రెండు డబ్బాలు పంపింది. ఆ పై వారం ఫోన్లో అడిగింది — "ఆ అబ్బాయికి అందాయా? మరీ దూరం నుంచి వచ్చాడు పాపం."

నీ భుజం ఎలా ఉంది, అని అడగలేదు.

అసూయ ఒక్కసారిగా రాలేదు. మంచులా వచ్చింది. పొద్దున లేచేసరికి గడ్డి మీద ఉన్నది. ఎప్పుడు కురిసిందో ఎవరూ చూడలేదు.

లమార్ పడిపోవాలని అతను కోరుకోలేదు. అలా అని తనకు తాను చెప్పుకున్నాడు. ఒక్క బంతి... ఒక్కటి జారితే చాలు. జనం ఒక్కసారి నిట్టూరిస్తే చాలు.

బంతి జారలేదు.

అక్టోబరు చివర, ఆకాశం సీసం రంగులో ఉన్న ఒక శనివారం. అవతలి జట్టులో పొడుగాటి వాడొకడు లమార్ వీపు వైపు నుంచి దూకుతున్నాడు. దూకే ముందు ఎడమ మడమ ఎత్తుతున్నాడు. లోపలివాళ్ళకి అది కనపడదు.

అంచున నిలబడ్డవాడికి కనపడుతుంది.

కనపడింది.

విరామంలో లమార్ నీళ్ళ కోసం వచ్చాడు. వగరుస్తున్నాడు. "నీకు ఇక్కణ్ణించి అంతా కనపడుతుంది కదరా. వెనకనుంచి ఎవడో వస్తున్నాడు. ఏమన్నా పసిగట్టావా?"

గాలి ఆగినట్టు అనిపించింది.

"లేదు" అన్నాడు గ్లెన్.

ఒక్క మాట. అబద్ధం అంత చిన్నదిగా ఉంటుందని అతనికి అప్పటిదాకా తెలియదు.

ఆ తర్వాతి ఎత్తులోనే మడమ లేచింది. గ్లెన్ చూశాడు. నోరు తెరిచాడు — గొంతు రాలేదు. రానివ్వలేదో, రాలేదో.

కొమ్మ విరిగిన చప్పుడు.

లమార్ కుడి భుజం దగ్గర ఎముక విరిగింది. మోసుకెళుతుంటే నొప్పికి పళ్ళు బిగించి, గ్లెన్ పక్కనుంచి పోతూ అన్నాడు — "కంగారుపడకు. గాలి ఎడమనుంచి ఉంది. చూసి విసురు."

కోచ్ హెల్మెట్ తీసి గ్లెన్ చేతిలో పెట్టాడు. "వెళ్ళు."

వెళ్ళాడు.

ఇన్నాళ్ళూ కోరుకున్న చోటు. పచ్చిక అక్కడ మెత్తగా ఉంటుందనుకున్నాడు. అంచున ఉన్నట్టే ఉంది.

మిగిలిన ఆటలన్నీ గ్లెన్‌వే. బాగానే ఆడాడు. జనం చప్పట్లు కొట్టారు — బాగానే కొట్టారు. డాటీ కాఫీకి డబ్బు తీసుకోలేదు. కానీ ప్రతి శనివారం, ఆట మొదలయ్యే ముందు, మెడకి చెయ్యి కట్టుకుని లమార్ అంచుకి నడిచి వచ్చేవాడు.

కేక అప్పుడు లేచేది. వట్టి నడకకి.

సైగలు చేసే పని లమార్ అడిగి తీసుకున్నాడు. ఎడమ చేత్తో చేసేవాడు. ఒక్కటీ తప్పు పోలేదు.

చివరి ఆట. గాలిలో సన్నగా మంచు. గ్లెన్ బంతి అందుకుంటున్న క్షణాన అంచున లమార్ పరుగెత్తడం కనపడింది. బాగున్న చేత్తో తన వీపు తనే చరుచుకుంటూ, గొంతు చించుకుంటూ... వెనకనుంచి, వెనకనుంచి.

గ్లెన్ పక్కకి జరిగాడు. దూకినవాడు గాలిని కౌగిలించుకుని పడ్డాడు. గ్లెన్ విసిరాడు. బంతి చేరవలసిన చోట చేరింది.

గెలిచారు.

అతన్ని భుజాల మీదకి ఎత్తారు. ఆ ఎత్తు నుంచి ఊరంతా కనపడింది.

నాన్న మెట్లు దిగి వచ్చాడు. టోపీ చేతిలో నలుపుతున్నాడు. కళ్ళు తడి. "ఆ అబ్బాయి చూశావురా? సరిగ్గా కనిపెట్టాడు. లేకపోతే నీ నడుం విరిగేది" అన్నాడు. అని లమార్ వైపు నడిచాడు. ముందు అతనితోనే చెయ్యి కలిపాడు.

లమార్ గ్లెన్‌ని చూసి నవ్వాడు. "ఇక్కణ్ణించి నిజంగానే అంతా కనపడుతుంది రా."

తెలిసి అన్నాడా. తెలియక అన్నాడా.

గ్లెన్ ఆ కళ్ళల్లో వెతికాడు. కోపం దొరికితే బాగుండును. కొంచెం దొరికినా పట్టుకుని నిలబడేవాడు. అక్కడ ఆకాశం తప్ప ఏమీ లేదు.

ఇన్నాళ్ళూ వాడి భుజాన్ని చూసి కుళ్ళుకున్నాడు. ఆ సాయంత్రం నుంచి వాడి మంచితనాన్ని చూసి. అది ఇంకా బరువు.

గ్లెన్ చదువు నాలుగో ఏటికి లమార్ భుజం అతుక్కుంది. బంతి లమార్‌దయింది. గ్లెన్ అంచుకి తిరిగి వచ్చాడు.

ఆ ఏడంతా కనపడినవన్నీ చెప్పాడు. మడమలు, చూపులు, వంగిన నడుములు... ఒక్కటీ దాచలేదు. జట్టు గెలుస్తూ పోయింది. కోచ్ అందరిముందూ అతని భుజం తట్టాడు. చెప్పవలసిన ఆ ఒక్కటి మాత్రం నాలిక దాకా వచ్చి వెనక్కి పోయేది.

చదువు ముగిసింది. ఇంటికి వచ్చాడు. పొలం నాన్నది, పని తనది.

మళ్ళీ కోతలు. మళ్ళీ శనివారం. కాలేజీలో బంతి ఇంకా లమార్‌దే.

కోత యంత్రం మీద కూర్చున్నాడు గ్లెన్. పక్కనున్న రేడియో ముట్టుకోలేదు. చేను ఆ చివర గింజల లారీ ఆపుకుని నాన్న ఉన్నాడు. లారీలో రేడియో మోగుతోంది — ఇంజన్ హోరులో మాట అందదు, లయ మాత్రం అందుతుంది. గొంతు పరుగెత్తుతోంది. గొంతు పైకి లేస్తోంది... బంతి గాలిలో ఉన్నదన్నమాట.

వినకూడదనుకున్నాడు.

ఇంజన్ ఆపేశాడు.

లారీ దగ్గర నాన్న రెండు చేతులూ తల మీద పెట్టుకుని నిలబడ్డాడు. సంతోషం పట్టలేకనో, దిగులుతోనో. ఇంత దూరాన్నించి పోల్చడం కష్టం.

రేడియోలో జనం ఒక్కసారి హోరెత్తారు.

గ్లెన్ మునివేళ్ళ మీద లేచాడు. చెవి ఒగ్గాడు. ఏది వినాలని ఒగ్గాడో అతనికీ తెలియదు.

మొక్కజొన్న ఆకుల మీదుగా గాలి అడ్డం తిరిగింది. ఆ హోరుని అటు తీసుకుపోయింది.