ఆగిన లారీ

శనివారం ఉదయం లాన్సెస్టన్ పట్టణంలో నది పక్కనున్న కాఫీ షాపు దగ్గరికి వెళ్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. గోడ పొడవునా సైకిళ్ళు ఆనించి ఉంటాయి. పళ్ళ డాక్టరు, కలప కోత మిల్లు కార్మికుడు, బడి పంతులమ్మ ఒకే బల్ల చుట్టూ కూర్చుని, ఒకరి ప్లేటులోని కేకు ఇంకొకరు తుంచుకుంటుంటారు. అందరి చొక్కాల వీపున ఒకటే మాట: 'ఎవరినీ వదలం.' ఆ స్నేహంలో నిజంగానే సంతోషం ఉంది, కాదనను. కానీ బల్ల దాకా చేరినవాళ్ళే మన కంటికి కనిపిస్తారు. చేరలేకపోయినవాళ్ళ సంగతి ఎవరు అడుగుతారు?

నరెల్ పాస్కో ఒక వృద్ధాశ్రమంలో దుప్పట్లు, పక్కబట్టలు ఉతికే చోట పనిచేస్తుంది. వయసు యాభై దాటింది. యంత్రాల హోరులో వారమంతా ఎవరితోనూ మాట్లాడే వీలుండదు. ఈ గుంపుతో చేసే శనివారం సైకిల్ సవారీయే ఆమెకు నలుగురితో గడిపే పూట. ఆ గుంపును మొదలుపెట్టిన జాయ్‌లీన్ అనే రిటైర్డు టీచరు ఎప్పుడూ అందరికన్నా వెనక, నరెల్ పక్కనే తొక్కేది. ఎదురుగాలి వీస్తే బలమైనవాళ్ళు ముందుకొచ్చి గాలికి తాము అడ్డు కాసేవారు. టమాటా మొక్కల గురించి, మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకుంటూ, పల్లం వస్తే చిన్నపిల్లల్లా కేరింతలు కొడుతూ వెళ్ళేవారు.

జాయ్‌లీన్ తుంటికి ఆపరేషన్ జరిగాక, ఇళ్ళ అమ్మకాల వ్యాపారం చేసే బ్రెట్ హాడ్జ్‌మన్ గుంపును నడిపే బాధ్యత తీసుకున్నాడు. చురుకైనవాడు, కొత్తవాళ్ళను చాలామందిని చేర్చాడు. దాంతోపాటు వేగమూ పెరిగింది. ఎత్తు ఎక్కాక అందరూ ఆగేవారు, నిజమే. కానీ చివరి మనిషి రొప్పుతూ పైకి చేరగానే, "వచ్చేసింది, పదండి" అని బయల్దేరేవారు. అలిసిపోని వాళ్ళకు విశ్రాంతి దొరికేది, అలిసినవాళ్ళకు దొరికేది కాదు. మెల్లగా తొక్కేవాళ్ళు ఒక్కొక్కరే రావడం మానేశారు. వాళ్ళకు ఆసక్తి పోయిందనుకున్నారు మిగతావాళ్ళు. నరెల్ మాత్రం మానలేదు.

ఒక శనివారం లిల్లీడేల్ దారిలో ఎత్తు మీద అసలెవరూ ఆగలేదు. ఎలాగైనా అందుకోవాలని నరెల్ ఒంటరిగా, ఊపిరి అందకుండా తొక్కుతోంది. మలుపులో ఒక తెల్ల యూట్, వెనక సరుకు తొట్టి ఉండే చిన్న బండి, ఆమె మోచేతిని రాసుకుంటూ దూసుకుపోయింది. ఆమె కంకరలోకి జారి కాలువలో పడింది. భుజం దగ్గర ఎముక విరిగింది. యూట్ ఆగలేదు.

దాని వెనక వస్తున్న దుంగల లారీ ఆగింది. డ్రైవరు గార్త్ లూన్ లారీని రోడ్డుకు అడ్డంగా నిలిపి, దీపాలు వెలిగించి, తన కోటు తీసి ఆమె తలకింద పెట్టాడు.

"కదలకమ్మా. నీతో ఎవరూ రాలేదా?" అని అడిగాడు.

"వచ్చారు. ముందు వెళ్ళిపోయారు" అంది నరెల్.

గార్త్ ఒకసారి ఖాళీ రోడ్డు వైపు చూశాడు. అంబులెన్సు వచ్చేదాకా కంకరలోనే కూర్చుని, ఆమెకు స్పృహ తప్పకుండా తన కుక్కపిల్ల అల్లరి గురించి చెబుతూనే ఉన్నాడు.

ఆ సమయానికి గుంపు కాఫీ తాగుతోంది.

దారిన పోయే ఎవరో తీసిన ఫోటో ఒకటి సాయంత్రానికల్లా ఊరంతా తిరిగింది. అందులో అడ్డంగా నిలిచిన లారీ, దాని ముందు పడి ఉన్న సైకిల్. 'ఈ లారీయే మా మనిషిని పడేసింది' అని బ్రెట్ దాని కింద రాశాడు. రేడియోలోనూ అదే చెప్పాడు. లారీ కంపెనీ గార్త్‌ను పనిలోంచి పక్కన పెట్టింది. అతని భార్యను కూరగాయల షాపులో ఎవరో మొహం మీదే తిట్టారు.

ఆ సంగతి తెలియగానే నరెల్ ఆసుపత్రి నుంచే బ్రెట్‌కు ఫోన్ చేసి జరిగింది చెప్పింది. అతను సానుభూతిగానే విన్నాడు. "ఆ యూట్ ఎవడిదో మనకు తెలీదు కదా నరెల్. లారీలైతే రోజూ కనిపిస్తూనే ఉన్నాయి. ఇంత పెద్ద పోరాటంలో చిన్న తేడాలు పట్టించుకుంటామా?" అన్నాడు. సైకిళ్ళకు రోడ్డు మీద చోటు కావాలని తర్వాతి శనివారం పార్కులో సభ పెడుతున్నామని, ఆమె వచ్చి మాట్లాడితే జనం కదిలిపోతారని కూడా చెప్పాడు.

ఆమె వచ్చింది. చేతికి కట్టుతో, చేతికర్ర పట్టుకున్న జాయ్‌లీన్ పక్కన నడుస్తూ వచ్చింది. ఎక్కడ చూసినా లారీ డ్రైవర్లను హంతకులంటూ రాసిన అట్టలే. బ్రెట్ ఆమె చేతికి మైకు ఇచ్చాడు.

"నన్ను పడేసింది యూట్. నా కోసం ఆగింది లారీ" అంది నరెల్. "మీరు హంతకుడని రాసుకొచ్చారే, ఆ మనిషే నా తలకింద తన కోటు పెట్టాడు. ఇది నేను బ్రెట్‌కు ఫోన్‌లో చెప్పాను. చెప్పానా లేదా, బ్రెట్?"

"చెప్పావు గానీ..."

"గానీ ఏంటి? అతని ఉద్యోగం నీకు చిన్న తేడానా?"

నరెల్ జనం వైపు తిరిగింది.

"ఆ యూట్ వాడి మీద నాకున్న కోపం నేను చచ్చేదాకా పోదు. వెనక్కి తిరిగైనా చూడకుండా పోయాడు. కానీ వాడికన్నా ముందు అలా పోయింది మీరు. వాడికి నా పేరు తెలీదు. మీకు తెలుసు."

ఎవరో చప్పట్లు కొట్టబోతే జాయ్‌లీన్ చెయ్యెత్తి ఆపింది. చాలామంది తమ అట్టలను బోర్లా తిప్పుకున్నారు.

బ్రెట్ తన రాతను వెనక్కి తీసుకుని, బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. వేగం కావాలన్నవాళ్ళు వేరే గుంపు కట్టుకున్నారు. అది తప్పు కాదు, కనీసం అబద్ధం లేని పని. మళ్ళీ జాయ్‌లీన్ చేతికొచ్చిన పాత గుంపులో ఇప్పుడు అందరికన్నా మెల్లగా తొక్కే మనిషే ఎత్తు మీద ముందు వెళ్తుంది. మానేసినవాళ్ళ ఇళ్ళకు నరెల్ స్వయంగా వెళ్ళి పిలుచుకొచ్చింది. ఆ యూట్ ఎవరిదో మాత్రం ఈనాటికీ తేలలేదు.

కంపెనీ గార్త్‌ను మళ్ళీ పనిలోకి తీసుకుంది. నరెల్ అతని ఇంటికి వెళ్ళి క్షమించమని అడిగినప్పుడు అతను ఆమెను తప్పుపట్టలేదు. "రోడ్డు మీద ఎవరైనా పడి ఉంటే మళ్ళీ ఆగుతానమ్మా. కాకపోతే ఈసారి ఒక్క క్షణం ఆలోచిస్తాను" అన్నాడు.

ఆ ఒక్క క్షణంలో ఒక ప్రాణం పోవచ్చు. మన హక్కు కోసం మనం గొంతెత్తవలసిందే. కానీ తోటి మనిషిని వెనక వదిలేసి, సాయం చేసిన మనిషి మీద నింద మోపి సాధించుకున్న హక్కు, రేపు మనం పడిపోయిన చోట ఒక్క బండినీ ఆపలేదు.